దొప్పయ్యకు పట్టుబడిన పొట్టి మాట

జొన్నచేను గింజ పట్టింది. పిట్టలన్నీ పొద్దున్నే అక్కడికే మేతకు వచ్చేవి. వేటగాడి భయం ఉంది కనుక గట్టు మీద గాడిదపిల్ల దొప్పయ్యను కావలి పెట్టుకున్నాయి. దొప్పల్లాంటి చెవులు, పొలిమేర దాకా వినపడే గొంతు. చిక్కల్లా ఒక్కటే, వాడి నోట ఏ మాటైనా సాగిపోయేది. పలకను "పాలాకా" అనేవాడు.

ఒకనాడు చేలో వల కనబడింది. పైన వస్తున్న పావురాలకు "వల! వల!" అని చెప్పబోతే "వాలా... వాలా..." అని వచ్చింది. వాలమంటున్నాడనుకుని పావురాలు వాలాయి. ఒకటి వేటగాడి బుట్టలోకి పోయింది. ముసలి పావురానికి రెక్క బెణికింది.

"వీణ్ణి కావలి నుంచి తీసేయండి!" అంది ముసలి పావురం.

"నేను వల అనే అన్నాను..." అంటూ దొప్పయ్య తల దించుకున్నాడు.

గిన్నెకోడి చుక్కమ్మకు మనసాగలేదు. చేలో పిల్లలందరికీ మాటలు నేర్పేది ఆవిడే. "పది రోజులు వాణ్ణి నాకు వదలండి. అందాకా కావలి నేను కాస్తా" అంది. తన గొంతు గట్టు దాటదని ఆవిడకు తెలుసు. లోపల భయంగానే ఉంది.

మర్నాడు ఒక ఇటుక, విరిగిన పలక, చినిగిన వలముక్క పోగేసింది. పక్కన చింతగింజలు పోసింది.

"ఏ వస్తువు పేరు చెబుతావో దాన్ని తాకు. అక్షరానికి ఒక్క గింజే తన్ను. గింజ ఎగరగానే నోరు మూసెయ్."

దొప్పయ్య ఇటుకను తాకి గింజను తన్నాడు. "ఈ..." గింజ ఎక్కడో పడింది, గొంతు మాత్రం ఇంకా సాగుతూనే ఉంది.

"ఫరవాలేదు నాయనా. మళ్ళీ."

మూడు రోజులు అదే తంతు. నాలుగోరోజు చుక్కమ్మ నేల మీద గళ్ళు గీసింది. "వ" అంటే ఒక గెంతు, "వా" అంటే రెండు. గెంతగా గెంతగా నోటికి అందనిది వాడి కాళ్ళకు అందింది. ఏడోరోజు గింజకో అక్షరం చొప్పున "ఇ-టు-క" అన్నాడు. చుక్కమ్మ రెక్కలు టపటపలాడించి వాడి చుట్టూ తిరిగింది.

ఇదంతా నక్క చాటు నుంచి చూసింది. వలలో చిక్కిన పిట్టను వేటగాడు రాకముందే లాక్కుపోవడం దానికి అలవాటు. సాయంత్రం దొప్పయ్య దగ్గరికి వచ్చి, "అల్లుడూ, పొట్టి మాటలు కోళ్ళకు గాని నీకెందుకు? రేపు పొద్దున్న రాగం తీసి అరువు. అందరూ మెచ్చుకుంటారు" అంది.

వాడు నేరుగా చుక్కమ్మ దగ్గరికి పోయి చెప్పాడు.

"రేపనే అందా? అయితే రేపు వల పడుతుంది. గట్టు మీద నువ్వే నిలబడాలి. నక్కకు మాత్రం రాగమే తీస్తానని చెప్పు."

"మళ్ళీ సాగితే, అత్తా?"

"కాలు తన్ను. మాట కాలి వెంటే వస్తుంది."

తెల్లవారింది. దొప్పయ్య మాట నమ్మి నక్క వల అంచునే పొంచి కూర్చుంది. పావురాలు దిగుతున్నాయి. దొప్పయ్య డెక్క గట్టు మీద టక్ టక్ మంది.

"వ-ల! వ-ల!"

పావురాలు ఒక్కసారిగా పైకి లేచాయి. అప్పటికే వాటి నీడల మీదికి దూకిన నక్క వల మధ్యన పడింది. కాలు తీస్తే తోక చిక్కింది, తోక లాగితే మెడ చిక్కింది. వేటగాడు కర్రతో పరుగెత్తుకొచ్చేసరికి వల కొరుక్కుని, వీపు మీద రెండు తిని, కుంటుతూ కొండవైపు పారిపోయింది. మళ్ళీ ఆ చేను ఛాయలకు రాలేదు.

ముసలి పావురం వచ్చి గట్టు మీద వాలింది. "నిన్ను తీసేయమన్నది నేనే, నాయనా. రేపటి నుంచి కావలి నీదే" అంది.

దొప్పయ్య సిగ్గుపడుతూ చుక్కమ్మ వైపు తిరిగాడు. "అత్తా, ఇక పొడుగు మాటలు నేర్పవూ?"

"అవి నీకు పుట్టుకతోనే వచ్చు కదరా!" అని చుక్కమ్మ నవ్వేసింది.

నీతి: ఓపికగా నేర్పేవాళ్ళు ఒక్కరున్నా చాలు, తిరగని నాలుకకు కూడా మాట లొంగుతుంది.