పడవవాడి మడమ

పొద్దున్న పదింటికి మొదలుపెడితే, మధ్యాహ్నం రెండయ్యేసరికి ప్రసూన తీసినవి తొమ్మిదే ఫోటోలు. పడవవాడు పలక మీద ఒక్క అడుగైనా పూర్తిగా వెయ్యలేదు.

పడవవాడంటే జానెడు బొమ్మ. లోపల అల్యూమినియం తీగ, పైన రబ్బరు, ఒంటి మీద నిజం పంచె. బెజవాడలో పెట్టిన బొమ్మల సినిమా ప్రదర్శనలో, హాలు మధ్య బల్ల మీద, పడవలోంచి ఒడ్డుకి వేసిన పలక మీదుగా వాడు నడవాలి. బొమ్మని కాస్త కదపడం, చెయ్యి తీసి ఫోటో తియ్యడం, మళ్ళీ కాస్త కదపడం. అన్నీ కలిపి ఆడిస్తే తెర మీద నడక.

ఈ పని ఎలా జరుగుతుందో జనం కళ్ళారా చూడాలని కరీముల్లా మాస్టారు తన సినిమాలో ఆఖరి సన్నివేశాన్ని అక్కడే తీయిస్తున్నారు. చూపు మందగించాక ఆయన మొదటిసారి ఒక నడక మొత్తాన్ని శిష్యురాలు ప్రసూన చేతుల్లో పెట్టారు. ఇందుకోసం బొమ్మ కాళ్ళకి కొత్త తీగ ఎక్కించి, రబ్బరు పోసి, వారం ఆరబెట్టారు. ఎల్లుండితో ప్రదర్శన ముగుస్తుంది. బల్ల ఎత్తేస్తారు.

జనం సంగతి కూడా చెప్పాలి. బొమ్మ కదిలేదాకా నిలబడే ఓపిక ఎవరికుంటుంది? గోడ పక్కన గాజుపెట్టెలో ఒకే బొమ్మకి మార్చి మార్చి తగిలించే ఎనభై నోళ్ళు పెట్టారు. ఏడ్చే నోరు, ఆవులించే నోరు, అబద్ధమాడే నోరు కూడా ఉందట. అందరూ అక్కడే మూగారు.

"ఒక్క మనిషికి ఇన్ని నోళ్ళా! మా వార్డు మెంబరుకైనా రెండే," అంది గళ్ళచీర కట్టుకున్న ఒక పెద్దావిడ. హాలంతా నవ్వింది. తనని చూసే నవ్వారనుకుంది ప్రసూన.

పక్కనున్న తెర మీద కిందటి ఫోటో నీడలా కనిపిస్తుంది. దానితో పోల్చుకుంటూ మడమ ఎత్తింది. ఎక్కువైంది. దించింది. తక్కువైంది. మళ్ళీ ఎత్తింది. ఒక్క ఫోటో తప్పినా నడక మొదటికొస్తుంది. చెమట వేళ్ళు చున్నీకి తుడుచుకుంది.

"ఎందాకా వచ్చాడు మనవాడు?" వెనకనుంచి మాస్టారు.

"కుదరడం లేదు మాస్టారూ. నావల్ల తప్పు జరిగితే మీ సినిమా పోతుంది. సరిగ్గా వచ్చేదాకా నేను కెమెరా మీట నొక్కను."

ఆయన చొక్కా జేబులోంచి తీగముక్క తీసి ఆమె చేతిలో పెట్టారు.

"వాడి కాళ్ళలో ఉన్నదీ ఈ తీగే. వంచు. పొద్దుటినుంచి మడమని వంచుతున్నావే, అలాగే. అటూ ఇటూ."

"ఇప్పుడా మాస్టారూ?"

"ఇప్పుడే. లెక్కపెట్టు."

ప్రసూన వంచసాగింది. గళ్ళచీర పెద్దావిడ నోళ్ళపెట్టె వదిలేసి ఇటొచ్చింది.

"ఏమ్మా, బొమ్మలాట మానేసి తీగలాట పెట్టావ్?" అంటూనే తనే పైకి లెక్కపెట్టడం మొదలెట్టింది. ఇంకో నలుగురు గొంతు కలిపారు. తొంభై దాటింది. వంద దాటింది.

నూట పన్నెండు దగ్గర తీగ చప్పుడైనా చెయ్యకుండా రెండు ముక్కలై రెండు చేతుల్లోకి వచ్చింది.

"ఇంతేనా?" అంది పెద్దావిడ నిరాశగా.

ప్రసూన పడవవాడి మడమ వైపు చూసింది. తొమ్మిది ఫోటోలు. ఒక్కోదానికి పదిసార్లకి తక్కువ కాదు. అంటే ఇప్పటికే తొంభై వంపులు.

"మాస్టారూ, దీంట్లో ఇంకెన్ని వంపులు మిగిలాయంటారు?"

"తెలీదు."

"రబ్బరు కోసి చూద్దామా?"

"చూడొచ్చు. కోసిన కాలితో వాడు నడవడు."

"కానీ నేను వంచినవన్నీ నడక కాదు కదండీ! ముప్పాతిక దిద్దుబాట్లే."

"ఏది అడుగో, ఏది దిద్దుబాటో తీగకేం తెలుసు తల్లీ?"

అని, ఆయన పెద్దావిడ కోసం ఒక కుర్చీ లాగారు. "కూర్చోండమ్మా. నడుస్తాడు."

ప్రసూన బల్ల మీదికి వంగింది. మడమ ఎత్తింది, ఒక్కసారి. తెర వైపు చూసింది. వెంట్రుకవాసి ఎడమకి పోయింది. చెయ్యి దానంతటదే మళ్ళీ ముందుకెళ్ళి, మడమకి అంగుళం దూరంలో ఆగింది.

కాసేపటికి వెనక్కి వచ్చి మీట నొక్కింది.