మసిగుడ్డ పువ్వు

ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఎస్తేరమ్మ టీచరుగారికి లేదు. "చూద్దాంలే" అని మళ్ళీ తన సూదిలో పడిపోయేవారు. నరసాపురం దగ్గర మా పల్లెలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ అరుగు మీద చేరి లేసు అల్లిక నేర్చుకున్న ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అల్లిక ఎక్కడ తప్పిందో కూడా నోటితో చెప్పేవారు కారు. చేతిలోది తీసుకుని, తప్పిన చోటుదాకా విప్పేసి, తిరిగి ఇచ్చేవారు. దానికన్నా తిట్టినా బాగుండుననిపించేది.

అలాంటి మనిషిని ఒకరోజు మంగతాయారు అడిగింది.

"ఏం అల్లితే నా దగ్గర మిగులుతుందండీ?"

మంగతాయారు మా అందరిలోకీ పనిమంతురాలు, ఊరికి కొత్త కోడలు. ఆ పిల్ల బాధ మాకందరికీ తెలిసిందే. పొద్దు పొడిచింది మొదలు ఆమె ఉండేది వంటింట్లో. ఆ వంటింట్లో గిన్నెలు దింపే మసిగుడ్డ మామగారి చిరిగిన పంచెలో ముక్క. మా ఊళ్ళో ఏ ఇంట్లోనైనా అంతే. ఆ ముక్కను రోజంతా చేత్తో పట్టుకోవాల్సిందాన్ని నేనే కదా, నాకు నచ్చినట్టు ఉంటే ఏం పోయిందనుకుని, మంగతాయారు లావు నూలుదారంతో పువ్వులాంటి మసిగుడ్డ అల్లింది. ఎర్రటి రేకులు, మధ్యన పసుపు బొడ్డు, మేకుకు తగిలించడానికి ఆకుపచ్చ ఉంగరం. వేడి చేతికి తగలకుండా సందుల్లేకుండా బిగించి, రెండు పొరలుగా అల్లింది. పొయ్యి పక్క మేకుకు తగిలించి మురిసిపోయింది కూడా.

సాయంత్రానికి అది ముందుగదిలో టీవీ మీదకు చేరింది. ఊళ్ళోకి టీవీలు కొత్తగా వచ్చిన రోజులవి. టీవీకి ఉన్నన్ని ముసుగులూ ముస్తాబులూ మా ఆడవాళ్ళకు ఉండేవి కావు. ఇంత అందమైనదాన్ని మసి చేస్తారా అని అత్తగారు సుబ్బాయమ్మగారు మెత్తగా మందలించి, నాలుగు రోజుల తర్వాత ఆ పువ్వును కూతురికి ఇచ్చి పంపారు. మంగతాయారు ఇంకొకటి అల్లింది. అదీ టీవీ ఎక్కింది, అదీ కూతురింటికి వెళ్ళింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ కోడలి సొమ్ము అత్త దానం చేసింది, తేడా అంతే. సుబ్బాయమ్మగారు చెడ్డమనిషి కాదు. ఇంట్లోకి అందమైనదేది వచ్చినా అది ముందుగదికి చెందుతుందని ఆవిడ నమ్మకం. నన్నడిగితే మంచివాళ్ళు లాక్కున్నప్పుడే ఒళ్ళు మరీ మండుతుంది. తిట్టడానికి కూడా వీలుండదు.

మంగతాయారు ప్రశ్న విని అరుగు మీదున్నవాళ్ళు తలో సలహా ఇచ్చారు. దాచుకోమన్నారు ఒకరు. వంకరటింకరగా అల్లు, ఎవరూ పట్టుకెళ్ళరన్నారు ఇంకొకరు. దానికి మాత్రం మంగతాయారుకు కోపమొచ్చింది.

"నా చేతికి బాగా అల్లడం వచ్చిందండి. ఎవరో పట్టుకెళ్తారని నేనెందుకు వంకరగా అల్లాలి?"

టీచరుగారు తలెత్తి ఆమెను చూశారు. "చూద్దాంలే" అన్నారు.

తర్వాత కొన్నాళ్ళకు టీచరుగారు నన్ను వెంటబెట్టుకుని మంగతాయారు వాళ్ళింటికి వెళ్ళారు. టీవీ మీద మూడో పువ్వు ఉంది. ఇది మొదటి రెండిటికన్నా బాగుంది, మొండితనంతో చేసిన పని అలాగే ఉంటుంది. మా కోడలి చెయ్యి బంగారమని సుబ్బాయమ్మగారు మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. రేపు అబ్బాయి ఊరికి వెళ్తున్నాడు, ఇది కూడా అమ్మాయికి పంపుతానన్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ మంగతాయారు కాళ్ళవంక చూసుకుంది.

టీచరుగారు కాఫీ అడిగారు. ఆవిడ నోరు తెరిచి ఒకరింట్లో ఏదైనా అడగడం నేనెరుగను. మంగతాయారు పొట్టు పొయ్యి మీద పాలగిన్నె పెట్టింది. రంపప్పొట్టు కూరిన పొయ్యి అది, ఒకసారి రాజుకుందంటే తగ్గించడం మన చేతిలో ఉండదు. అంతలో చేతులు కడుక్కుంటానని టీచరుగారు వంటింటిలోంచి పెరట్లోకి వెళ్ళి వచ్చారు. వచ్చి కుర్చీలో కూర్చుంటుంటే ఆవిడ చేతిసంచిలో ఇనుము చప్పుడైంది.

పాలు పొంగుకొస్తున్న వాసన వచ్చింది. మసిగుడ్డ కనపడట్లేదని, పట్టకారూ లేదని మంగతాయారు లోపల్నుంచి అత్తగారిని కేకేసింది. కొంగుతో దింపమన్నారు సుబ్బాయమ్మగారు.

"నైలాను చీరండి, అంటుకుంటుంది" అన్నారు టీచరుగారు, అదేదో వాతావరణం సంగతైనట్టు.

మంగతాయారు ముందుగదిలోకి పరుగెత్తుకొచ్చింది. ఆమె చూపు టీచరుగారి సంచి మీద ఆగింది. సంచి మూతిలోంచి నల్లగా మసిబారిన మామగారి పంచె అంచు బయటికి వేలాడుతోంది. నేనూ చూశాను. అడిగితే టీచరుగారు ఇచ్చేసేవారే. టీచరుగారు మాత్రం గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు.

మంగతాయారు అడగలేదు. తిన్నగా టీవీ దగ్గరకు నడిచింది. పువ్వు తీసుకుంది. వంటింట్లోకి వెళ్ళింది.

సుబ్బాయమ్మగారు గుండె మీద చెయ్యేసుకుని వెనకాలే పరుగెత్తారు. మేమూ వెళ్ళాం. అప్పటికే పాలగిన్నె కింద ఉంది, చుక్క ఒలకలేదు. ఎర్రరేకుల మీద గిన్నె మసి అరచేయంత మేర నల్లగా అంటింది. సుబ్బాయమ్మగారు దాన్ని చూసి ఏడ్చినంత పని చేశారు. వెంటనే సబ్బుపెట్టి ఉతికితే పోతుందన్నారు.

"పోదండి అత్తయ్యగారూ" అంది మంగతాయారు. "పోయినా రేపు మళ్ళీ అవుద్దండి. రోజూ నేనే కదండీ దింపేది."

అని, దాన్ని ఉతకలేదు, దాచలేదు. ఆకుపచ్చ ఉంగరంతో పొయ్యి పక్క మేకుకు తగిలించి, మసి అయిన వైపే బయటికి తిప్పింది. సుబ్బాయమ్మగారు చేయి చాచబోయి, వేళ్ళకు నలుపు అంటుతుందని వెనక్కి తీసుకున్నారు. ఆ నిమిషంలో నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, పెద్దల ఎదుట ఊరుకున్నాను.

కాఫీ వచ్చింది. అందరం తాగాం. బయల్దేరేముందు టీచరుగారు సంచిలోంచి పట్టకారూ పంచెముక్కా తీసి, ఏ మాత్రం సిగ్గుపడకుండా సుబ్బాయమ్మగారి చేతిలో పెట్టారు. గుమ్మం దాటబోతూ ఆగి, వంటింటి మేకువైపు చూసి, మంగతాయారుతో అన్నారు:

"ఇప్పుడు పట్టుకెళ్ళమనమ్మా, ఎవరు పట్టుకెళ్తారో."