జరగని సీటు

బారువ తీరాన ఉండే లోకనాథం గురువుగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కారు. కొబ్బరి పీచుతో తాడు పేనుతూ కూర్చునేవారు. అడిగినవాడు కాసేపు చూసి, వినబడలేదేమోనని మళ్లీ అడిగేవాడు. అప్పుడూ తాడే సాగేది. ఎప్పుడో ఒకసారి మాత్రం ఆయన తాడు పక్కన పెట్టేవారు. పెట్టారంటే, అడిగినవాడి వెంట ఎక్కడికో బయలుదేరబోతున్నారని శిష్యులందరికీ తెలుసు.

ఆ శిష్యుల్లో గౌరీపతి ఒకడు. సోంపేటలో పశువుల డాక్టరుగా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. అబద్ధం ఆడడని ఆ చుట్టుపక్కల పేరు. గేదె బతకదనుకుంటే బతకదని రైతు మొహం మీదే చెప్పేవాడు. ఆశ పెట్టి నాలుగు రోజులు తిప్పుకోవడం ఆయనకు చేతకాలేదు. పిల్లలు లేరు. భార్య కాత్యాయని పోయి రెండేళ్లయింది. ఒకనాటి ఉదయం ఆయన గురువుగారి ఎదుట కూర్చుని అడిగాడు.

"గురువుగారూ, నిజం చెప్పేవాడు చివరికి ఒంటరిగా ఎందుకు మిగులుతాడు?"

గురువుగారు రెండు మూరల తాడు పేనారు. "ఏ నిజం చెప్పావు నాయనా?" అన్నారు.

గౌరీపతి తన కారు సంగతి చెప్పుకొచ్చాడు. ఇరవై నాలుగేళ్ల కిందట కొన్న చిన్న తెల్ల కారు అది. దాని మీదే పల్లెపల్లెకీ తిరిగి పశువులకు వైద్యం చేశాడు. ఇంట్లో ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చోలేనని కాత్యాయని కూడా బయలుదేరేది. మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని ఎడమవైపు సీట్లో కూర్చునేది. దారి పొడుగునా మాట ఆమెది, ఊఁ కొట్టడం ఈయనది. ఆర్నెల్ల కిందట కళ్ల డాక్టరు పరీక్ష చేసి, నీటికాసులు ముదిరి చూపు తగ్గిందనీ, ఇక బండి తోలవద్దనీ చెప్పాడు. అప్పటినుంచి కారు షెడ్డులోనే ఉంది. నిలబెట్టి ఉంచితే పాడైపోతుంది, ఎవరికైనా పనికొస్తే మంచిదని అమ్మకానికి పెట్టాడు. నలుగురు వచ్చారు. నలుగురికీ ఉన్నదున్నట్టు చెప్పాడు. వానొస్తే ఎడమ తలుపు కిందినుంచి నీళ్లు దిగుతాయని చెప్పాడు. రెండో గేరు మొరాయిస్తుందని చెప్పాడు. చలికాలం పొద్దుటిపూట ఒక పట్టాన స్టార్టు కాదని కూడా చెప్పాడు. టెక్కలి నుంచి వచ్చిన కుర్ర దంపతులు, ఆ రంగు చూసి ముచ్చటపడ్డవాళ్లు, ఇవన్నీ విని ఒకరి మొహం ఒకరు చూసుకుని, "మళ్లీ వస్తాం సార్" అని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

గౌరీపతి చెప్పనివి కొన్ని ఉన్నాయి. సాయంత్రాలు తాను షెడ్డులోకి వెళ్లి, తాళం తిప్పకుండా ఊరికే స్టీరింగు ముందు కూర్చుంటాడని చెప్పలేదు. అలా కూర్చున్నప్పుడు ఒక్కోసారి తన నోటి నుంచి ఊఁ అని వస్తుందనీ, ఆ చప్పుడు తన చెవికే వింతగా వినబడుతుందనీ చెప్పలేదు. బేరానికి వచ్చినవాళ్లు వెనుదిరిగిన ప్రతిసారీ గేటు గడియ వేసి వచ్చి, శుభ్రమైన గుడ్డతో కారు తుడిచేవాడు. ఆ పూట అన్నం సయించేది. అది సత్యం పలికినందువల్ల కలిగిన తృప్తి అని ఆయన నమ్మాడు.

గురువుగారు తాడు పక్కన పెట్టారు.

"ఇంకెవరైనా వస్తామన్నారా?"

"రేపు పదింటికి ఎవరో ఆడమనిషి వస్తానంది."

"నేనూ వస్తాను" అన్నారు గురువుగారు.

మర్నాడు వాళ్లిద్దరూ షెడ్డు ముందు బెంచీ మీద కూర్చుని ఉండగా గేటు దగ్గర ఆటో ఆగింది. నలభై ఏళ్ల ఆడమనిషి ముందు తాను దిగి, తర్వాత భర్తను రెండు చేతులా పట్టుకుని దింపింది. ఆయన కాళ్లు చీలమండల దగ్గర బాగా వాచి ఉన్నాయి. నాలుగడుగులు వేసి అరుగు మీద కూలబడ్డాడు. ఆమె పేరు దమయంతి. కవిటి వైపు పల్లె. పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళుతుంది. పిక్కల జిడ్డుకు వేళ్ల కొసలు నల్లబడి ఉన్నాయి. భర్త పేరు ఢిల్లేసు. కిడ్నీలు పాడై ఏడాది దాటింది. వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయించాలి. ఆమె చంకలో ఆస్పత్రి ఫైలు ఉంది.

"ఎల్లేటప్పుడు ఎలగో ఎల్లిపోతన్నాం బాబూ. ఒచ్చేటప్పుడే ఆటో కుదుపులకి తట్టుకోలేకపోతన్నాడు" అంది. "మా అన్న వ్యాను మీద తోలడం నేర్చుకున్నాను. లైసెన్సు కూడా తీసుకున్నాను."

గౌరీపతి ఆమెను కారు దగ్గరికి తీసుకెళ్లి అలవాటు ప్రకారం మొదలుపెట్టాడు. "ముందే చెబుతున్నానమ్మా. వానొస్తే ఎడమ తలుపు కిందినుంచి నీళ్లు దిగుతాయి."

"ఆయన కూకునేది అటేపే. గోనెపట్టా మడతెట్టి ఏస్తాను" అంది దమయంతి.

"రెండో గేరు తిన్నగా పడదు."

"వ్యానుకీ అంతే. నెమ్మదిగా ఏసుకుంటాను."

"చలికాలం తొందరగా స్టార్టు కాదు."

"అయితే ఇంకొంచెం ముందు లెగుస్తాను."

 ముందు వచ్చిన నలుగురినీ గేటు దాటించిన మాటలు ఈమె దగ్గర ఒక్కొక్కటే చేసుకోవలసిన పనిగా మారిపోతున్నాయి. దమయంతి కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

"ఒక్కటి సెప్పండి బాబూ. దార్లో ఆగిపోతాదా?"

 గౌరీపతికి ఈ ఇరవై నాలుగేళ్లలో గొర్రెల మందలకు జబ్బు పట్టిన వానాకాలాలు గుర్తొచ్చాయి. కాత్యాయనిని చివరిసారి శ్రీకాకుళం ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు కూడా కారు ఎక్కడా ఆగలేదు.

"లేదు" అన్నాడు. "ఎప్పుడూ ఆగలేదు."

ఈ మాట నలుగురిలో ఒక్కరికీ తాను చెప్పలేదన్న సంగతి ఆయనకు అప్పుడు తట్టింది. వెనక్కి తిరిగి చూశాడు. గురువుగారు అరుగు మీది రోగికి మంచినీళ్లు అందిస్తున్నారు; ఇటు చూడడం లేదు.

దమయంతి ఎడమ తలుపు తెరిచి సీటును పరికించింది. అది బాగా ముందుకు జరిపి ఉంది. పెద్దమనిషి కూర్చుంటే మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు తగులుతాయి.

"ఇది ఎనక్కి జరగదా బాబూ? ఆయన కాళ్లు సాపుకోవాల."

"జరగదమ్మా" అన్నాడు గౌరీపతి. "పట్టేసింది."

ఆమె సీటు వంకా, భర్త కాళ్ల వంకా చూసింది. తర్వాత చీర కొంగు సర్దుకుంటూ, "అయ్యో" అంది నెమ్మదిగా. "మిగతావన్నీ ఎలగోలా సరిపెట్టుకుందును బాబూ. ఇది కుదరదు." భర్తను లేపడానికి అరుగు వైపు నడిచింది. ఢిల్లేసు అప్పటికే రెండు చేతులూ అరుగుకు ఆనించి లేవబోతున్నాడు. ఒకసారి లేవబోయి పడ్డాడు, మళ్లీ ప్రయత్నించాడు.

"ఉండమ్మా" అన్నాడు గౌరీపతి.  "జరుగుతుంది. నేనే జరపలేదు."

ఆయన మోకాళ్ల మీద కూర్చుని సీటు కింద చెయ్యి పెట్టాడు. కాత్యాయని పొట్టి మనిషి. దారి కనబడటంలేదని కారు కొన్న మొదటి వారంలోనే ఆమె సీటు ముందుకు జరిపించుకుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మీట గట్టిగా బిగుసుకుని ఉంది. షెడ్డు మూల నుంచి నూనె డబ్బా తెచ్చి రెండు చుక్కలు వేశాడు. భుజం ఆనించి నెట్టాడు. మూడోసారికి సీటు కర్రుమంటూ కదిలి చివరిదాకా వెనక్కి పోయింది. ఇన్నాళ్లూ సీటు కింద దాగి ఉన్న రబ్బరు పట్టా కొత్తదానిలా నల్లగా బయటపడింది. గౌరీపతి దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు.  ఆయన లేచేదాకా దమయంతి ఆగి, భర్తను నడిపించుకొచ్చి కూర్చోబెట్టింది. ఢిల్లేసు కాళ్లు చాపి, వెనక్కి వాలి, కళ్లు మూసుకున్నాడు.

ధర మాట రెండు నిమిషాల్లో తేలిపోయింది. కాగితాల మీద సంతకాలు పెట్టాక గౌరీపతి ఆమెను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, కిటికీ దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. రెండో గేరుకు ముందు క్షణం ఆగి, ఊపిరి వదిలి వేస్తే తిన్నగా పడుతుంది. చలిలో తాళం ఒక్కసారే తిప్పకూడదు; సగం తిప్పి, మనసులో పది లెక్కపెట్టి, అప్పుడు తిప్పాలి. ఎడమ తలుపు అంచున జిడ్డు రాస్తే నీళ్లు దిగడం తగ్గుతుంది. దమయంతి ఒకసారి ఆగమని చెయ్యి చూపించి, ఆస్పత్రి ఫైలు వెనక అట్ట తిప్పి, బొడ్డులోంచి పెన్ను తీసింది. నల్లబడ్డ వేళ్లతో ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ రాసుకుంది. "పది లెక్కెట్టాలా, పన్నెండా?" అని మధ్యలో అడిగింది. "పది చాలమ్మా" అన్నాడు ఆయన.

కారు గేటు దాటి వెళ్లింది. మలుపు దగ్గర క్షణం ఆగినట్టయి, రెండో గేరు పడిన చప్పుడు వినిపించింది. గౌరీపతి అనుకోకుండా "ఊఁ" అన్నాడు. వినడానికి వెనక ఖాళీ షెడ్డు తప్ప ఏమీ లేదు. ఇంట్లోకి వెళ్లబుద్ధి కాక అక్కడే నిలబడిపోయాడు. కాసేపటికి, బస్సు వేళవుతోందని గురువుగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

"గురువుగారూ, నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు" అన్నాడు గౌరీపతి.

గురువుగారు గేటు దాకా నడిచి, గడియ మీద చెయ్యి పెట్టి ఆగారు.

"ఆ నలుగురికీ చెప్పిన నిజాలే కదా నాయనా" అన్నారు. "ఈవిడ రాసుకుంది."