హారన్ కొడితే గేదె ఎందుకు ఆగుతుంది

ఈ కథ మొదట చెప్పింది పాలకేంద్రంలో క్యాన్లు కడిగే సూరమ్మ. ఇప్పుడు సూరమ్మ అల్లుడు దీన్ని తన సొంత కథలాగా చెప్పుకు తిరుగుతున్నాడు. చెబితే చెప్పాడు, గేదెని తీసేసి ఎద్దుని పెట్టాడు. పాలవాళ్ల ఇంటి కథలో ఎద్దుకి పనేంటి? ఆ మనిషి మాట పట్టించుకోకండి. సూరమ్మ చెప్పింది ఇదీ.

ఒకప్పుడు గేదెలంత మర్యాద తెలిసిన పశువు ఇంకోటి లేదు. వెనక సైకిలు గంట మోగితే చాలు, రోడ్డు దిగిపోయేవి. "తమరు వెళ్లండి బాబూ" అన్నట్టు తల వంచుకుని నిలబడేవి.

అందులోనూ మరీ మర్యాదస్థురాలు చుక్కమ్మ. నుదుటి మీద తెల్లచుక్క ఉండేది, అందుకని ఆ పేరు. పాల వ్యాపారం చేసే బసవపున్నయ్య ఇంట్లో, రేకుల పాకలో ఉండేది. ఆ పాకలోనే పుట్టింది, ఆ పాకలోనే ఈనింది. అది తప్ప దానికి వేరే లోకం లేదు.

ఒకరోజు బసవపున్నయ్య కొత్త పికప్పు బండి తెచ్చాడు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. పెళ్లికొడుక్కి కూడా అంత చెయ్యరు. బండి కూడా తను పెళ్లికొడుకుననే అనుకుంది.

"ఏమే గేదే, చూశావా? నీకు ఒకటే నోరు, నాకు రెండు," అంది. "నల్లమూత తీసి డీజిల్ పోస్తారు. ఇదిగో, ఈ నీలం మూత తీసి ఇంకోటి పోస్తారు."

"ఇంకోటంటే ఏంటి బాబూ?" చుక్కమ్మ మర్యాదగానే అడిగింది.

"అది పెద్దింటి పానీయం. కుడితి తాగే మొహాలకి చెప్పినా తెలీదు."

అప్పుడే పాకలోకి వచ్చిన గాలి పకపకా నవ్వింది.

"నేను చెబుతా విను, చుక్కమ్మా. నేను ముక్కులోంచి లోపలికి పోతేనే వీడి కడుపులో డీజిల్ మండేది. పాతబండ్లలో దూరి బయటికొచ్చేసరికి నాకు ఒళ్లంతా ఘాటెక్కేది. నేను తగిలితే పిల్లలు దగ్గేవాళ్లు, కళ్లు నులుముకునేవాళ్లు. తిట్లు మాత్రం నాకు. అందుకే ఒట్టు పెట్టుకున్నా. నా ఘాటు విరిచి పంపితేనే కొత్తబండ్లలో అడుగుపెడతానన్నా. ఆ ఘాటు విరిచే మందే నీలం మూతలో పోసేది. బండ్లవాళ్లు డెఫ్ అంటారు. పేరు గొప్పదే గానీ, అందులో ఉన్నది యూరియా, శుద్ధిచేసిన నీళ్లు."

"యూరియా అంటే?"

"నీ ఉచ్చలో ఉండే సరుకే. కాకపోతే వీడికి కార్ఖానాలో శుభ్రంగా చేసి పోస్తారు."

చుక్కమ్మ కాసేపు నెమరేసింది. తర్వాత నిదానంగా అంది.

"అయ్యో పాపం. నేను పొద్దున లేస్తూనే పారబోసేదానికా అబ్బాయ్, ఇంత హంగు చేశావు?"

దూడ నవ్వింది. కోళ్లు నవ్వాయి. చూరు మీది కాకి జారి కింద పడబోయి నిలదొక్కుకుంది.

పికప్పు ఆ మాట మనసులో పెట్టుకుంది. మర్నాడే బసవపున్నయ్య చెవిలో ఊదింది.

"అయ్యా, ఎండకి నా రంగు వెలిసిపోతోంది. ఆ పాక నాకిప్పించండి. ముసలి గేదెని సంతకి తోలెయ్యండి. నేనే మోసుకెళతా."

కొత్తబండి ముద్దు కదా, బసవపున్నయ్య సరేనన్నాడు. చుక్కమ్మ ఆ రోజంతా గడ్డి ముట్టలేదు. పాక రాటకి మెడ ఆనించి నిలబడిపోయింది.

సంతరోజు రానే వచ్చింది. బండి బయల్దేరదీస్తుంటే లోపల పసుపు దీపం వెలిగింది. నీలం మూతలో మందు అయిపోయిందని దాని అర్థం.

"దానికి టౌనుకి పోవాలా? మన కొట్లో యూరియా బస్తా లేదా?" అన్నాడు బసవపున్నయ్య. బకెట్టులో బోరునీళ్లు పట్టాడు, చారెడు చారెడు ఎరువు వేశాడు, కర్ర పెట్టి తిప్పాడు.

భార్య శేషారత్నం గడపలో నిలబడి చూసింది. "ఏమయ్యా, అది వరికేసేది గదా."

"వరికి పడింది బండికి పడదా? నువ్వు లోపలికి పోవే."

పికప్పుకి అది పడదని తెలుసు. చెబితే ప్రయాణం ఆగుతుంది. ఆగితే చుక్కమ్మ పాకలోనే ఉండిపోతుంది. అందుకని కిక్కురుమనకుండా బకెట్టెడూ గుటకేసింది. పగ దాహం అలాంటిది, ఏం పోస్తున్నారో చూసుకోనివ్వదు.

చుక్కమ్మని బండెక్కించి కట్టేశారు. కాలవకట్ట మీద టీకొట్టు దగ్గర బసవపున్నయ్య బండి ఆపి టీ తాగాడు. ఈలోగా లోపల జరిగేది జరిగింది. ఎరువులో మట్టి, బోరునీళ్లలో సున్నం, రెండూ కలిసి మందు పోయే సన్నటి గొట్టంలో తెల్లగా గడ్డకట్టాయి. మనుషులకి కడుపులో రాళ్లు రావూ, అలాగ.

తాళం తిప్పితే బండి కదల్లేదు.

"ఘాటుతో బయటికి తోశావు. మాట తప్పావు. నేనిక రాను," అని గాలి కాలవ మీదుగా వెళ్లిపోయింది.

టీకొట్టు ఆయన గ్లాసులు కడుగుతూ, "ఏం పోశావు బసవపున్నయ్యా?" అన్నాడు.

"మందే."

"ఏ మందు?"

బసవపున్నయ్య రోడ్డు మీదికొచ్చి అటూ ఇటూ చూశాడు. మెకానిక్కు ముందూ లేడు, వెనకా లేడు. ఇంటికి లాక్కుపోవాలంటే ఉన్నది ఒక్క చుక్కమ్మే.

గేదెని దించాడు. మోకు తీసుకుని దాని ఎదటికొచ్చి నిలబడ్డాడు. "అమ్మా చుక్కమ్మా," అన్నాడు. పుట్టాక మొదటిసారి అమ్మా అన్నాడు.

"లాగుతాను," అంది చుక్కమ్మ. "పాక మాత్రం నాది. సంత మాట మళ్లీ ఎత్తకూడదు."

"ఎత్తను."

చుక్కమ్మ బండివైపు తిరిగింది. "నువ్వూ విను అబ్బాయ్. రోడ్డు పక్కకి జరిగినందుకు నన్ను ఇంట్లోంచే జరపబోయావు. ఇక జరగను. దారిలో నీ హారన్ వినపడిందా, అక్కడే ఆగుతా."

లాగడం మొదలైంది. పొలాల్లో కొంగలు పని మానుకుని చూశాయి. "పెద్దింటి బండిరో," అంది ఒకటి. "పానీయం ఎక్కువైనట్టుంది," అంది ఇంకోటి. పికప్పుకి సిగ్గుతో ఇనుము కాలిపోయింది. తొందరగా ఊళ్లో పడితే చాలనుకుని, ఆపుకోలేక హారన్ కొట్టింది.

చుక్కమ్మ ఆగింది. నెమరేసింది. కాలవ కేసి చూసింది. తోకతో ఒక ఈగని తోలింది. చాలాసేపటికి కదిలింది.

నాలుగడుగులు పోయాక పికప్పు మళ్లీ కొట్టింది. పెళ్లికొడుకు బుద్ధి ఎక్కడికి పోతుంది? చుక్కమ్మ మళ్లీ ఆగింది. ఈసారి అడ్డంగా ఆగింది. వెనక బండ్లన్నీ బారులు తీరాయి.

ఇంటికి చేరాక చుక్కమ్మ నేరుగా పాకలోకి వెళ్లి, తన రాట దగ్గర పడుకుంది. ఎవరూ లేపలేదు. పికప్పు వాకిట్లో ఎండలో నిలబడింది. మెకానిక్కు వచ్చి, దాని గొంతు కోసినంత పనిచేసి, గొట్టాలు మార్చాడు. ఇప్పుడు బసవపున్నయ్య మూత సీలు కదలని డెఫ్ డబ్బా చూసి కొంటాడు, గరాటు తుడిచి మరీ పోస్తాడు.

చుక్కమ్మ ఈ సంగతి కాలవలో నీళ్లాడే గేదెలకి చెప్పింది. అవి ఊరూరా చెప్పాయి. అప్పటినుంచే గేదె హారన్ వింటే రోడ్డు మధ్యలో ఆగుతుంది. అడ్డంగా తిరిగి, నిదానంగా నెమరేస్తుంది.

బడిపిల్లల పుస్తకంలో మాత్రం గేదెకి చెవులు మందమని రాశారట. చదువుకున్నవాళ్లు ఎవరైనా ఆ ముక్క కొట్టేయండి. గేదెకి బాగా వినపడుతుంది అని రాయండి.