చిట్టబ్బాయి నూకల డబ్బా

తాటిమొగ్గలో రైస్ మిల్లు నడిపే చిట్టబ్బాయికి గర్వం బొత్తిగా లేదు. తనంత దయగల మనిషి చుట్టుపక్కల ఏడూళ్ళలో లేడని మాత్రం గట్టి నమ్మకం ఉండేది. ఉన్న మాట దాచుకోవడం మంచివాళ్ళ లక్షణం కాదు కాబట్టి, ఆ సంగతి కనిపించిన ప్రతివాడికీ చెబుతూ ఉండేవాడు.

ఆ దయకు సాక్ష్యం ఊరి మంచినీళ్ళ చెరువు దగ్గర ఉండేది. ఏటా చలికాలంలో అక్కడికి అడవి బాతులు వచ్చి, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోయేవి. చిట్టబ్బాయి రోజూ పొద్దున్నే మిల్లులోంచి నూకలు పట్టుకెళ్ళి, రేకు డబ్బా మీద టకటకా కొట్టి వాటిని పిలిచేవాడు. అవి బిలబిలమంటూ ఒడ్డెక్కేవి. వాటి కాళ్ళకు మెత్తగా ఉండాలని గట్టు మీద పచ్చిక వేయించి, ఎప్పటికప్పుడు పొట్టిగా కోయించేవాడు. జనం అతన్ని "బాతుల బాబాయి" అనేవారు. ఆ పేరు చెవిన పడిన రోజు బాతులకి ఇంకో దోసెడు ఎక్కువ పడేది.

కూర్చున్న చోటికే తిండి వస్తుంటే అత్తారింట్లో అల్లుడే కదలడు, బాతులేం కదులుతాయి? అవి వెళ్ళడం మానేశాయి. గట్టు పొదల్లో పిల్లల్ని కూడా చేశాయి. పొరుగూళ్ళ వాళ్ళు పిల్లల పుట్టినరోజులకి మరమరాల పొట్లాలు తెచ్చి చల్లడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి చెరువులో నీళ్ళకంటే బాతులే ఎక్కువ కనిపించాయి. గట్టు మీద కాలు పెడితే రెట్టకి సర్రున జారేది. వాన పడితే ఆ రెట్టంతా నీళ్ళలోకే. నీళ్ళు పచ్చబడి కంపు కొట్టాయి. ఒక మాఘమాసంలో ఊరి పిల్లలకి వరసగా వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి.

సర్పంచ్ మంగతాయారు చెరువుగట్టు మీదే ఊరివాళ్ళని సమావేశపరిచింది.

"ఉగాది దాటగానే కాలువకి నీళ్ళు కట్టేస్తారు," అంది. "ఆలోగా చెరువు కడిగి నింపుకోకపోతే వేసవంతా మనకి తాగేందుకు చుక్క ఉండదు. ఈ బాతులుండగా నింపినా ఒకటే, నింపకపోయినా ఒకటే."

"దానికింత ఆలోచన ఎందుకండీ?" అన్నాడు ఎరువుల కొట్టు వీర్రాజు. "నూకల్లో పురుగుమందు గుళికలు కలిపి చల్లితే ఒక్క పూటలో సరి."

"చల్లితే అన్నీ ఒక్కచోటికి రావద్దూ?" అన్నారెవరో.

"ఎందుకు రావండీ? బాబాయి డబ్బా కొడితే చాలు."

అందరూ చిట్టబ్బాయి వైపు చూశారు. తన దయ గురించి అనర్గళంగా మాట్లాడగల మనిషి ఆ పూట ఆ ఊసే ఎత్తలేదు.

"నా చేత్తో విషం పెట్టను," అన్నాడు. "మరిగించింది నేనే. పంపించేదీ నేనే. ఉగాది దాకా నాకు వదిలెయ్యండి."

"పంపించలేకపోతే?"

"అప్పుడు డబ్బా నీ చేతికిస్తాను వీర్రాజూ. నీ ఇష్టం."

మర్నాడు పొద్దున్నే నూకలు లేకుండా చెరువుకి వెళ్ళాడు. బాతుల్ని బెదరగొట్టాలంటే పెద్ద చప్పుడు కావాలి. చేతిలో ఉన్నది ఆ డబ్బాయే. దాన్నే ఊరంతా వినబడేలా వాయించాడు. ఎన్నడూ లేనంత మోత వినేసరికి ఇవాళ విందు కాబోలనుకుని అవతలి ఒడ్డు బాతులు కూడా ఎగిరొచ్చి అతని చుట్టూ మూగాయి.

"పంపించడమంటే ఇదా బాబాయ్? పక్కూరివి కూడా వచ్చినట్టున్నాయండి!" అని వీర్రాజు గట్టు మీద పొట్ట పట్టుకుని నవ్వాడు.

చిట్టబ్బాయి కూడా నవ్వాడు గానీ, ఇంటికి వెళ్ళలేదు. చింతబరికె పుచ్చుకుని అక్కడే కూర్చుని సాయంత్రం దాకా బాతుల్ని గమనించాడు. జమ్ము ఎత్తుగా పెరిగిన పడమటి గట్టుకి ఒక్క బాతూ ఎక్కలేదు. ఆ చాటున కుక్క ఉందో నక్క ఉందో వాటికి కనబడదు. అన్నీ వచ్చి తను డబ్బు పోసి పెంచిన పొట్టి పచ్చిక మీదే నిశ్చింతగా కునికిపాట్లు పడుతున్నాయి. అంటే, అడవి బాతులకి అతిథిగృహం కట్టించిన ఘనుడు తనే!

ఆ రోజు నుంచి పచ్చిక కోయించడం మానేశాడు. ఎరువు వేసి మోకాలెత్తు పెరగనిచ్చాడు. వెదురుకర్రకి భార్య ఎర్రచీర కట్టి, రెండు పూటలా నడుంలోతు నీళ్ళలో దిగి ఊపుతూ అరిచేవాడు. జారిపడేవాడు. లేచి మళ్ళీ ఊపేవాడు. మరమరాల పొట్లాలతో వచ్చేవాళ్ళకి అడ్డం నిలబడేవాడు.

"ఒక్క గుప్పెడు వేస్తే ఏం పోతుందండీ? పుట్టినరోజు పూట పాపకి పుణ్యం," అంది ఒకావిడ.

"నేనూ ఒక్క గుప్పెడుతోనే మొదలెట్టానమ్మా. మరమరాలు పాపకి పెట్టు. పుణ్యం కావాలంటే నా వాటాలోది పట్టుకెళ్ళు, బోలెడు పోగేశాను."

బాతులు ఊరుకోలేదు. అతని వెనకే మిల్లుకి వచ్చాయి. ఒక మధ్యాహ్నం బక్కచిక్కిన బాతు ఒకటి ఇంటి గుమ్మం ముందు నిలబడి, మెడ పక్కకు వంచి అతని చేతుల వంక చూసింది. చిట్టబ్బాయి చెయ్యి దానంతటదే నూకల బస్తాలోకి వెళ్ళి గుప్పెడు తీసింది.

వంటింట్లోంచి భార్య వరహాలమ్మ చూసింది.

"వెయ్యండి," అంది. "ఉగాదినాడు గుళికలు కూడా మీరే వేద్దురుగాని."

గుప్పిట తెరుచుకోలేదు. నూకలు బస్తాలో పోసేసి, అతను తలుపు మూశాడు. బయట బాతు చాలాసేపు అరిచింది.

తర్వాత రెండు మూడు ముసలి బాతులు ఎగరలేక చెరువులోనే చచ్చిపోయాయి. తిండి ఎక్కడ దొరుకుతుందో అవి ఎప్పుడో మరిచిపోయాయి. వాటిని చిట్టబ్బాయే పాతిపెట్టాడు. "పెట్టి చంపారు, మాని చంపారు," అని ఎవరో అన్నారు. మర్నాడు అతను మళ్ళీ కర్ర పట్టుకుని నీళ్ళలో దిగాడు.

గడ్డి మోకాలు దాటింది. బాతులు ఒడ్డెక్కడానికి జంకాయి. మొదట నాలుగైదు చొప్పున, తర్వాత గుంపులుగా వెళ్ళసాగాయి. ఉగాది ఇంకా కొన్నాళ్ళుందనగా, ఒక ఉదయం మిగిలిన గుంపంతా ఒక్కసారిగా లేచి, చెరువు చుట్టూ తిరిగి, కోతలైన చేల మీదుగా సముద్రం వైపు చిత్తడినేలలకి పోయింది. గట్టు పొదల్లో కొన్ని జంటలు ఉండిపోయాయి. ఆ మాత్రానికి చెరువు తట్టుకుంటుందని మంగతాయారు అంది. వీర్రాజు కూడా పార పట్టుకుని చెరువు శుభ్రం చెయ్యడానికి వచ్చాడు. కాలువ కట్టేసేలోగా కొత్తనీళ్ళు నిండాయి. ఆ వేసవిలో ఊరు భయం లేకుండా నీళ్ళు తాగింది.

ఇప్పటికీ చలికాలంలో బాతులు వస్తాయి, చేలల్లో ఏరుకు తింటాయి, ఎండలకి వెళ్ళిపోతాయి. చిట్టబ్బాయి చేతులు కట్టుకుని గట్టు మీద కూర్చుని చూస్తాడు. నూకలు వెయ్యకుండా ఉండటం నేర్చుకున్నాడు. వెళ్ళేటప్పుడు వాటిలో ఒక్కటైనా తనవైపు తిరిగి చూడాలని కోరుకోకుండా ఉండటం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.

అడవిప్రాణికి తిండి వెతుక్కోవడం మరిపించి మన చుట్టూ తిప్పుకోవడం దయ కాదు. దాని తిండి అది వెతుక్కునేలా దూరంగా ఉండటమే దయ.