బావ కంట్లో ఒక్క చుక్క

బుద్ధిలంకలో కోటిలింగం వాళ్ళంత తెలివైన కుటుంబం ఇంకోటి లేదండి. నేననడం కాదు, వాళ్ళే అంటారు. అడక్కపోయినా అంటారు. "మా ఇంట్లో చెప్పింది చెప్పినట్టు చేస్తాం. ఒక్క పిసరు తక్కువ చెయ్యం, ఎక్కువా చెయ్యం" అంటాడు కోటిలింగం. భార్య సత్తెమ్మ, తమ్ముడు అబ్బులు తలలూపుతారు. తల్లి మంగాయమ్మ అయితే "అందులోనూ అల్లుడి మాటంటే దేవుడి మాటే. కాదనకూడదు" అని ఒకటి తగిలిస్తుంది.

ఆ అల్లుడితోనే వచ్చింది చిక్కంతా. కోటిలింగం చెల్లెల్ని చేసుకున్న నాసరయ్యది పల్నాడు. మిరపచేల మధ్య పుట్టి పెరిగినవాడు. గోదావరి ఒడ్డున అత్తారింటికి వచ్చినప్పుడల్లా విస్తరి ముందు కూచుని, "ఏం బావా, పులుసులో కారం వెయ్యడం మరిచారా, లేకపోతే మీ ఊళ్ళో మిరపచెట్లకి కూడా బెల్లమే కాస్తుందా?" అని నలుగురిలో నవ్వేవాడు. కోటిలింగానికి తల కొట్టేసినట్టుండేది. "ఈసారి బావ వచ్చినప్పుడు ఆయన కంట్లో ఒక్క చుక్కైనా నీళ్ళు తెప్పించకపోతే నా పేరు కోటిలింగమే కాదు" అని శపథం చేశాడు.

అంతే. సంతకెళ్ళి నర్సరీ ఆయన దగ్గర అస్సాం మిరప విత్తనాలు పన్నెండు తెచ్చాడు. ఒక్క కాయ చిదిమితే వీధి వీధంతా తుమ్మాల్సిందేనట. ఆ నర్సరీ ఆయన పాపం నిదానంగానే చెప్పాడు. "మొలిచేదాకా వెచ్చగా ఉంచండి. మొలిచాక ఎండకి మెల్లమెల్లగా అలవాటు చెయ్యండి. బాగా ఎర్రబడ్డాకే కొయ్యండి. కోసేటప్పుడు చేత్తో మాత్రం ముట్టుకోకండి, మండి చస్తారు." కోటిలింగం ఆ ముక్కలన్నీ దారిపొడుగునా వల్లె వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

వెచ్చగా ఉంచాలి. ఇంట్లో అన్నిటికంటే వెచ్చనిదేది? పొయ్యి. ఇంకేముంది! నాలుగు విత్తనాలు నిప్పుల మీద పెట్టారు. చిటపటమన్నాయి.

"మొలుస్తున్నాయి అన్నయ్యా, చప్పుడు వినపడుతోంది!" అన్నాడు అబ్బులు.

చూస్తే మసి.

"మరీ వెచ్చనైపోయింది. కోడి కిందైతే సరిగ్గా సరిపోద్ది" అంది సత్తెమ్మ. గుడ్లు పొదుగుతున్న పెట్ట కింద ఇంకో నాలుగు పెట్టారు. పెట్ట మెడ వంచి చూసింది. టకటకా నాలుగూ మింగేసి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

అబ్బులు లబలబలాడాడు. "అన్నయ్యోయ్, దీనికి కారమే తగల్లేదు! చప్పటి విత్తనాలు అంటగట్టాడు నీకు!"

"నోర్ముయ్యరా. మనింటి కోడి అది. మండినా బయటపడదు" అన్నాడు కోటిలింగం.

పైకి అలా అన్నాడే గానీ, లోపల దిగులు పట్టుకుంది. మిగిలినవి నాలుగే. ఇవీ పోతే బావ ముందు తలెత్తుకునే రాత ఈ జన్మకి లేదు. అతని మొహం చూసి మంగాయమ్మ చేతులు చాచింది. "ముగ్గుర్ని పెంచిన ఒడిరా ఇది. ఇలా తే" అంది. విత్తనాలు కుండీ మట్టిలో పెట్టి, కుండీ ఒళ్ళో పెట్టుకుని, రోహిణి కార్తె ఎండల్లో దుప్పటి కప్పుకుని మంచమ్మీద కూచుంది.

"నేను చెప్పేదాకా దుప్పటి తియ్యకమ్మా" అన్నాడు కోటిలింగం.

పదిహేను రోజులకి ఒక్క మొలక తల ఎత్తింది. ఆ సంబరంలో కుండీ తీసుకున్నారు గానీ, దుప్పటి తియ్యమని చెప్పడం కోటిలింగం మరిచిపోయాడు. చెప్పలేదు కాబట్టి ఆవిడా తియ్యలేదు. తిండీ దుప్పట్లోనే, నిద్రా దుప్పట్లోనే.

ఇక మెల్లమెల్లగా ఎండకి అలవాటు చెయ్యాలి కదండీ. అబ్బులు కుండీ ఎత్తుకుని గంటకో అడుగు చొప్పున నడిచాడు. పొద్దున గదిలో బయల్దేరిన మనిషి వాకిట్లోకి చేరేసరికి పొద్దు వాలిపోయింది.

"అరెరె, కాసేపు ఆగొచ్చుగా ఈ ఎండ!" అని తిట్టుకుని వెనక్కి తిరిగాడు. మర్నాడు మళ్ళీ మొదటికి. నాలుగోనాడు కాళ్ళు వాచిపోయి కుండీని వాకిట్లోనే వదిలేసి పడుకున్నాడు. అలా బతికింది ఆ మొక్క. వీళ్ళు చూసుకోబట్టి కాదు, చూసుకోవడం మానేయబట్టి.

దసరా నాటికి ఏడు కాయలు ఎర్రగా నిగనిగలాడాయి. నాసరయ్య ఫలానా రోజు వస్తున్నానని ఫోన్ చేశాడు. ఆ రోజు పొద్దున్నే ముగ్గురూ కుండీ చుట్టూ చేరారు. చేత్తో ముట్టుకోకూడదు. మరెలా కొయ్యడం?

"చేతికి గుడ్డ చుట్టుకుంటేనో?" అంది సత్తెమ్మ.

"గుడ్డలోపల ఉండేది చెయ్యే కదే, తెలివితక్కువదానా!"

"కాలితో?" అని అబ్బులు కాలెత్తి, వెల్లకిలా పడ్డాడు.

కోటిలింగం గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించాడు. "ఒరే, నోటితో కొయ్యొద్దని ఆయనేమైనా అన్నాడా?"

"అన్లేదే!"

అంతే. ముగ్గురూ మోకాళ్ళ మీద కూచుని తలో కాయ పళ్ళతో పట్టుకుని కటుక్కున కొరికారు.

ఇంకేముంది! కళ్ళు ధారలు, ముక్కులు ధారలు. పెదాలు బూరెల్లా ఉబ్బిపోయాయి. సత్తెమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటోంది. అబ్బులు నేల మీద పొర్లుతున్నాడు. కోటిలింగం నోట ఒక్క మాట పెగిలితే ఒట్టు. సరిగ్గా అప్పుడే సంచీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు నాసరయ్య.

"బావా! ఏమైంది బావా?"

నీళ్ళు కావాలని కోటిలింగం గదిలో ఉన్న బిందె వైపు చెయ్యి చూపించాడు. నాసరయ్య అటు చూశాడు. బిందె పక్కన మంచం. మంచమ్మీద తలనుంచి కాళ్ళదాకా దుప్పటి కప్పిన అత్తగారు. ఆవిడ హాయిగా నిద్రపోతోంది, ఆ సంగతి ఈయనకేం తెలుసు!

సంచీ జారిపోయింది. నాసరయ్య మంచం కాళ్ళ దగ్గర కూలబడి భోరుమన్నాడు. "వెళ్ళిపోయావా అత్తయ్యా! నీ చేతి బెల్లం పులుసు కోసమే కదా ఇంతదూరం పడీ పడీ వచ్చేది! బాగుందని ఒక్కనాడు నోరారా చెప్పకపోతినే!"

కోటిలింగం మంట మరిచిపోయాడు. బావ కంట్లో నీళ్ళు! చుక్క కాదు, చెంబుడు! "ఏడ్చాడ్రా! కాయ నోట్లో పెట్టకముందే ఏడ్చాడు! పులుసు బాగుందని కూడా అన్నాడ్రోయ్!" అని గంతులేశాడు.

"అన్నాడు గానీ అన్నయ్యా, అమ్మ పోయిందని కూడా అంటున్నాడు" అన్నాడు అబ్బులు.

ఈ గోలకి దుప్పట్లో కదలిక వచ్చింది. "ఎవర్రా పోయింది?"

"నువ్వేనమ్మా. బావ చెప్పాడు."

"అల్లుడుగారే అన్నారా? అయితే పోయే ఉంటాను" అంటూ మంగాయమ్మ సర్దుకుని పడుకుంది.

శవం మాట్లాడేసరికి నాసరయ్య కళ్ళు తేలేసి స్పృహ తప్పి పడిపోయాడు. ఇక ఆ మాట వెనక్కి తీసుకునే నాథుడే లేడు.

కోటిలింగానికి దుఃఖం ముంచుకొచ్చింది. ఇది మిరపకాయ ఏడుపు కాదండి, అసలు ఏడుపు. మంచం పట్టె పట్టుకుని, "ఇంక నాకెవరున్నారమ్మా!" అని వలవలా ఏడ్చాడు.

దుప్పట్లోంచి ఒక చెయ్యి వచ్చి అతని తల నిమిరింది. "ఊరుకో నాయనా, నేను లేనూ?"

ఆ మాటతో కోటిలింగానికి కొండంత ధైర్యం వచ్చింది. కళ్ళు తుడుచుకుని, పాడెకి వెదురుబొంగులు తెమ్మని అబ్బుల్ని పంపించాడు.