సంచిలో మోటారు

విరూపాక్షికి ఆ రోజు కడుపు మండిపోయింది. మండదా మరి?

హిందూపురం దగ్గర కొండ కింద నంజమ్మగారి మఠం ఉంది. అచల తత్వం బోధించే ఎనభై దాటిన గురువు ఆమె. విరూపాక్షి కాలేజీ ల్యాబులో పనిచేసి రిటైరై, ఆరేళ్ల కిందట ఆమెకు శిష్యుడయ్యాడు. అతను వచ్చేనాటికి మఠం వెనక రాళ్లూ తుమ్మముళ్లూ తప్ప ఏమీ లేవు. ఇప్పుడు వంగ, బెండ, కనకాంబరాలు. అంతా అతని చేతి చలవే.

వారానికోసారి మాగిన ఎరువును గుడ్డలో మూటగట్టి బకెట్టు నీళ్లలో వేలాడదీస్తాడు. ఇంత బెల్లం వేస్తాడు. చేపల తొట్టెలకు పెట్టే చిన్న మోటారుతో పగలూ రాత్రీ అందులోకి గాలి ఊదిస్తాడు. ఎరువులో ఉండే కంటికి కనపడని జీవాలు ఆ గాలికి కోట్లుగా పెరుగుతాయి. ఆ నీళ్లే మొక్కలకు పోస్తాడు. "మొక్కలకు టీ కాస్తున్నాడ్రోయ్" అని మఠంలో అందరూ నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు, వంకాయ కూర మాత్రం లొట్టలేసుకుంటూ తిన్నారు.

ఆ పౌర్ణమికి పొద్దున్నే యాభైమంది భక్తులొచ్చారు. తోట చూసి నోరెళ్లబెట్టారు. ఏం వేస్తున్నారు స్వామీ అని అడిగారు. మఠం పెత్తనమంతా చూసే కంబగిరి చేతులు జోడించాడు.

"మేము వేసేదేముంది తల్లీ. రోజూ అమ్మగారి పాదతీర్థం పోస్తాం, అంతే."

ఒకామె వంగాకు తుంచి కళ్లకద్దుకుంది. ఇంకొకామె ఖాళీ సీసా పట్టుకొచ్చి, మాక్కూడా కాస్త ఇప్పించండి అంది.

పాదతీర్థమట. నడుం విరిగేలా గుంతలు తవ్విన మనిషి, పేడ పిసికిన మనిషి, అక్కడే పక్కన నిలబడి ఉన్నాడు. అతనివైపు ఒక్కరు చూసిన పాపాన పోలేదు.

అది అబద్ధం కదా అని విరూపాక్షి అడిగితే, కంబగిరి చెయ్యి పట్టి పక్కకు లాగాడు. "భక్తుల ముందర రచ్చ చేయొద్దు. నువ్వు పోసే నీళ్లు మాత్రం అమ్మ దయ కాదా?" అన్నాడు. దొంగతనం చేసిందే కాక పైన వేదాంతం కూడానా.

విరూపాక్షి చెయ్యి విడిపించుకున్నాడు. నేరుగా పెరట్లోకి పోయాడు. ముందురోజు నుంచి బకెట్టు బుడబుడమంటూ బుడగలు కక్కుతోంది. అది సాయంత్రం టమాటా మొక్కలకు పోయాల్సిన బకెట్టు. పది రోజులుగా ఆ మొక్కలు పసుపుబారి, ఉంటాయా పోతాయా అన్నట్టున్నాయి. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా ప్లగ్గు పీకేశాడు. మోటారు తను కొన్నదే కదా అని, దాన్ని గొట్టంతో సహా బట్టల సంచిలో కుక్కాడు. తీర్థంతోనే బతకనీ అని గొణుక్కుంటూ రోడ్డు మీదికి నడిచాడు. ఈ గడప మళ్లీ తొక్కితే ఒట్టు అనుకున్నాడు.

రెండు బస్సులు వచ్చి పోయాయి. ఎక్కలేదు. గురువుకు చెప్పకుండా పోతే తప్పు తన మీద పడుతుంది. ఆమెనే మొహం మీద అడిగి మరీ పోదామని వెనక్కి తిరిగాడు. అప్పటికి మూడు గంటలు గడిచిపోయాయి.

పెరట్లో నంజమ్మ బకెట్టు పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. చెంబుతో నీళ్లు ముంచి, చెయ్యి తల ఎత్తుకు లేపి, మళ్లీ బకెట్టులోకే సన్నటి ధారగా పోస్తోంది, హోటల్లో టీ తిరగబోసినట్టు. చీర ముందంతా తడిసిపోయింది.

"ఇదేం పనమ్మా?"

"గాలి నిలిచిపోయింది నాయనా. గాలి లేకుంటే ఇందులోని జీవాలు గంటా రెండు గంటల్లో చస్తాయని నువ్వే చెప్తివి కదా. ఇట్ల పోస్తే రవ్వంత తగులుతుందేమోనని."

"ఎప్పటి నుంచి పోస్తున్నారు?"

"నువ్వు పోయినప్పటి నుంచి."

అది విన్నా విరూపాక్షి కోపం ఆగలేదు.

"నేను పోతున్నానమ్మా. ఆరేళ్లు గొడ్డులా చాకిరీ చేస్తిని. ఇదంతా మీ కాళ్లు కడిగిన నీళ్ల మహిమని కంబగిరి అందరికీ చెప్పుకుంటున్నాడు. మీ పేరు మీదే అబద్ధం ఆడుతున్నాడు. ఇది న్యాయమేనా మీకు?"

ఆమె చెంబు ముంచడం ఆపలేదు.

"వాని మొహం. నా కాళ్లకు మూడు పూటలా నొప్పుల నూనె పూస్తా ఉంటా. ఆ నీళ్లు పోస్తే టమాటా ఆ రోజే చస్తుంది. సాయంత్రం సత్సంగంలో అందరి ముందర ఆ మాట అబద్ధమని వాని నోటితోనే చెప్పిస్తా. తోట ఎవరు పెంచిందీ చెప్పిస్తా. సరేనా?"

ఇంత త్వరగా తీర్పు దొరుకుతుందని విరూపాక్షి అనుకోలేదు. సంచి కింద పెట్టాడు.

"సరేనమ్మా."

"నీ కోపం న్యాయమే నాయనా" అంది నంజమ్మ, చెంబు మళ్లీ పైకెత్తుతూ. "కోపం కంబగిరి మీద. ఊపిరి ఆపింది వీటికి."